కోట దర్వాజ దాటిన గొంతు

ఆ డబ్బ ఆర్డరు జర ఆపు బిడ్డా. ఆపు అంటాన గద. ఫోన్ల బటన్ నొక్కితె రేపో ఎల్లుండో ఇంటి ముందల పడ్తది, నాకెరికే. గని ముందుగాల నా మాట ఇను. బూస్టర్ అంటానవు, రేడియో బలం పెంచే డబ్బ. గసొంటి డబ్బ ఈ డాబ మీదికి వచ్చుడు కొత్త గాదు. గిదే పైపు కింద, గిదే పిట్టగోడ మీద మీ చిన్నతాత కుమారస్వామి తెచ్చి పెట్టిండు. దానికి ఫ్యాను గూడ ఉండె, గిర్రున తిరుగుతుండె. మీ నాయనమ్మ దాని దిక్కు సూసి ఏమన్నదో ఎరికేనా? ఆఁ, ఉండు, గా మాట గిప్పుడే చెప్తె ఏం మజా ఉంటది. కూసోనియ్యి ముందు. మెట్లెక్కినంక మోకాళ్లు నా మాట ఇంటలేవు. చాయ్ గా గోడ మీద పెట్టు, చల్లారినా పర్వలేదు, నేను సల్లదే తాగుత.

నీ తక్లీఫ్ ఏందో మల్లొకసారి చెప్పు, మీ అమ్మ కింద సగం సగం చెప్పింది. ఊఁ. ఊఁ. అంటె దసర దాక ఈ రేడియో సెట్టుల మాట్లాడితె మడికొండల నీ దోస్తు ఏంజెల్ కు సాఫ్ ఇనబడె. చలికాలం నువ్వు పరీక్షలల్ల పడ్డవు, ముట్టలే. ఇప్పుడు తీస్తె కాజీపేట కాడికే ఆగిపోతాంది. వానకాలం దగ్గెరికొచ్చె. పోయినేడు వానలల్ల ఫోను టవర్లు పడుకున్నప్పుడు గల్లీలకు నీళ్లొచ్చినయని ఒకలకొకలు చెప్పుకునే దిక్కులేకపాయె, అందుకనే మీరిద్దరు ఈ రేడియోల పని పెట్టుకున్నరు. మంచి పని. మస్తు మంచి పని. మరి కొట్లాట ఎందుకొచ్చింది? అగో, తల దించుకుంటానవు. 'నీ దిక్కే ఖరాబైంది, నీకు పెట్టుకునుడు రాలే' అన్నవు ఆ పిల్లను. ఆ పిల్ల తన ఏరియల్ మొత్తం ఇప్పి మల్ల కట్టింది, సెట్టు మార్చింది, అయినా రాకపాయె. ఇగ నీతోని మాట బందు పెట్టింది. సరే. నేను నిన్ను అంటలేను. నువ్వు పద్మలత మనుమరాలివి, ముందుగాల అవతలోని మీద వేలు వెట్టుడు మీ ఇంటి గుణమే. ఆమె గుణంల ఇంకో సగం ఉండె, గదే చెప్దామని ఇంత దూరం మెట్లెక్కిన.

నిన్ను ఎత్తుకున్నది ఆమె, నీకు యాదికుండదు. ఆఖరుకు ఇంట్ల మంచాన పడ్డప్పుడు గూడ నిన్ను పక్కన కూసోవెట్టుకొని సెట్టు మైకు నీ నోటికాడ పెట్టేది. నువ్వు ఏడ్సుడు మేమందరం బండ్లల్ల ఇంటుంటిమి. నవ్వుతానవా, నిజమే చెప్తాన. సరే, మొదలుకాడికి వస్త. మీ తాత పోయేనాటికి ఈ ఇంటికి ఏముండె? కోట లోపటనే, ఇంటెనక వ్యవసాయ బాయి, దాని మీద మోటరు, రెండు ట్రాక్టర్ ట్యాంకర్లు. ఒకదాని మీద నేను, ఒకదాని మీద కట్టయ్య. మీ నాయన అప్పుడు మరిపెడల మాస్టరు, శనారం శనారం వచ్చిపోయేటోడు. మూడొద్దులు గాకముందే కుమారస్వామి వాకిట్ల కుర్చీ ఏసుకొని కూసున్నడు. ఆయన గొంతు నీకెరికే గద, ముక్కులకెల్లి వస్తది. 'వదినా, నువ్వు ఇంట్ల నిమ్మలంగ ఉండు. బండ్లు, డ్రైవర్లు, గవన్ని ఆడోళ్లతోని అయ్యేటియా? నేను సూసుకుంట.' ఆమె బియ్యం చెరుగుతాంది. తల గూడ ఎత్తలే. 'నువ్వు సూసుకో మరిదీ, నేను నడిపిస్త' అన్నది. గంతే. మల్ల చెరుగుడే.

నడిపించుడంటె అంత సులువా అంటె కాదు. బాయి కాడ మనిషి ఉండాలె. కరెంటు ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో, వచ్చిన గడియల మోటరు ఏసి బండి నింపాలె. అందుకని ఆమె బండ్ల ఎంబడి తిరుగకపోయేది. బండి ఒకసారి కోట దర్వాజ దాటిందంటె ఇగ కట్టయ్య రాజ్యం. పాపం పోయినోన్ని అనొద్దు గని, మనిషి పనోడే, చెయ్యి మాత్రం జారుడుది. దారిల ఏ హోటల్ కాడనో, పెండ్లి ఫంక్షన్ హాల్ కాడనో సగం బండి ఇడిసిపెట్టేటోడు. మిగిలిన సగం గల్లీల పోసి ఖాళీ బండి చప్పుడు చేసుకుంట వచ్చేటోడు. సెల్లు ఫోన్లు అప్పటికి వచ్చినయి బిడ్డా, రాలే అనుకోకు. ఆమె ఫోను కొడ్తె ఎత్తడు. వచ్చినంక అడిగితె, 'అక్కా, నీ ఫోనే రాలే నాకు, సిగ్నల్ లేదక్కా, నా పిల్లల మీద ఒట్టు.' వానికి అప్పటికింక పెండ్లే గాలే.

గప్పుడు ఆమెకు ఈ రేడియో ఆలోచన వచ్చింది. హన్మకొండల శ్యాంసుందర్ అని ఒక సేటు ఉండె, రేడియోలు, మైకు సెట్లు అమ్మేటోడు. ఆయన దుకాణంల ఈ చిన్న సెట్లు సూసింది. తక్కువ బలందైతె లైసెన్సు అక్కర్లేదని తెలుసుకున్నది. ఇంట్ల ఒకటి, బండికొకటి. నేనన్న, ఫోన్లుండంగ ఇదెందుకక్కా అని. నన్ను సూసిన సూపు నాకు ఇప్పటికీ యాదికున్నది. 'మొండయ్యా, ఫోన్ల ఒకని చెవుల ఒకడు చెప్తడు. తెల్లారి నేననలే అంటె సాక్షమెవడు? దీంట్ల నోరు తెరిస్తె అందరికి ఇనబడ్తది. అందరు ఇన్న మాటను ఎవడు మింగుతడో నేను సూస్త.' అదీ ఆమె లెక్క. సెట్టుల అన్న మాట పదిమందిల అన్న మాట. ఆమెకైనా, మాకైనా. ఇంకోటి, దీంట్ల ఇద్దరు ఒక్కసారి మాట్లాడరాదు గద. బటన్ నొక్కితె చెప్పాలె, ఇడిస్తె ఇనాలె. శ్యాంసుందర్ సేటు 'మాట అయినంక ఓవర్ అనాలె' అని నేర్పిండు. ఆమె రెండొద్దులు అన్నది, మూడోనాటికి ఇడిసిపెట్టింది. 'ఓవర్ ఏంది, కిరికెట్ ఆడుతానమా' అని. ఆమెది ఆమె పెట్టుకున్నది. చెప్పుడు అయినంక, 'ఇగ నువ్వు' అనేది. బటన్ ఇడిసేది. మాక్కూడ అదే అలవాటయ్యింది. ఇంట్ల నా పెండ్లాం తోని కొట్లాడినా ఆఖరికి ఇగ నువ్వు అంటుంటి, ఆమె బరాబర్ అందుకునేది.

ఇగ దూరం సంగతి. మొదట్ల ఏరియల్ ఇంట్ల బీరువ మీద పెట్టింది, కింద అయస్కాంతం ఉండేది, గట్ల అతుక్కుంటది. నేను బండి తీసుకపోతాన, ఆమె అడుగుతాంది, యాడున్నవని. రాతికోట దర్వాజల దూరిన్నో లేదో, గొంతు నూనెల వడ్డ అప్పచ్చి లెక్క సుయ్యిమన్నది, పోయింది. గా దర్వాజ నువ్వు రోజు సూస్తవు గద, ఆ రాళ్ల మందం. ఆ కోట బయట మల్ల మట్టికోట కట్ట. కుమారస్వామి వాకిట్ల కూసోని అన్ని ఇన్నడు. నవ్విండు. 'వదినా, నీ గొంతు కోట దర్వాజ దాటది. రాజులు గట్టిగ కట్టిన్రు.' ఆ మాట ఆమెకు సూదిలెక్క గుచ్చుకున్నది. ఆనాడు అన్నం తినలే అని నేను అబద్ధం చెప్ప, శుభ్రంగ తిన్నది, తిని కొంగు నడుముకు చెక్కి డాబ ఎక్కింది.

అటెనక ఆమె చేసింది సూడాలె బిడ్డా. శ్యాంసుందర్ సేటు దుకాణంకాడ సగం ఆయన చెప్పిండు, సగం ఈమె కొట్లాడి తెలుసుకున్నది. ఇంట్లకెల్లి తీసి రేకుల షెడ్డు మీద పెట్టింది, జర మెరుగు. బాయికాడ మిగిలిన బోరు పైపు నిలవెట్టి దాని కొస మీద పెట్టింది, ఇంకింత మెరుగు. ఏరియల్ ఎంత ఎత్తుల ఉంటె అంత దూరం పోతది, అది సేటు చెప్పిండు. గని ఏరియల్ పుల్ల ఒక్కటే నిలవెడితె చాలదట, దాని కాళ్లకాడ నాలుగు తీగెలు నాలుగు దిక్కులకు వంచి కట్టాలె, అవి దానికి భూమి లెక్క. అగో గివే, ఇప్పటికీ ఆమె కట్టినయే. మల్ల సెట్టుకెల్లి ఏరియల్ దాక పోయే కేబులు. ఇంట్ల టీవీ కేబులు ముక్క పడి ఉంటె గదే పెట్టింది, సేటు మొత్తుకున్నడు, అది దీనికి కుదురదమ్మా అని. కుదురది అంటె ఎందుకు కుదురదని ఆయనతోని పొద్దంత వాదన. ఆఖరికి మార్చింది, ఓడిపోయిన అని అనలే, 'నీ తృప్తి కోసం మారుస్తాన' అన్నది. ఒక మీటరు గూడ తెచ్చింది. మనం పంపిన బలం పైకి పోయిందా, పోకుంట మల్ల సెట్టులకే తిరిగొచ్చిందా చూపెడ్తది అది. ముల్లు ఎడమదిక్కు పండుకుంటె మంచిగున్నట్టు, కుడిదిక్కు లేస్తె ఖరాబు. పుల్ల పొడుగు ఇంతంత తగ్గించుకుంట, పెంచుకుంట, ఆ ముల్లును పండవెట్టేదాక డాబ దిగలే. పైపు కింద మడత బందు పెట్టించింది, కావాలంటె పైపు మొత్తం పిట్టగోడ మీదికి పండవెట్టొచ్చు. అది వెల్డింగోని ఐడియా అని ఆడు చెప్పుకుంటడు. ఆమెదే.

నన్ను రోజు ఒక దూరం పంపేది. ఇయ్యాల స్టేషన్ దాక. రేపు హన్మకొండ చౌరస్త. మల్ల కాజీపేట. ఎక్కడ మాట ఆగితె అక్కడ బండి నిలవెట్టి నేను తిరిగి రావాలె, ఆమె మల్ల పైకెక్కాలె. ఒకనాడు మడికొండ గుట్టకింద బండి ఆపి నేను బటన్ నొక్కక ముందే నా సెట్టుల ఆమె గొంతు, పక్కన కూసున్నట్టు. 'మొండయ్యా, కట్టయ్య ఫంక్షన్ హాల్ ముందల ఎందుకు ఆగిండో అడుగు. ఇగ నువ్వు.' కట్టయ్య నిజంగనే అక్కడ ఆగి ఉండె. అంతకుముందే బండి ఇంజను చప్పుడు, బాజా చప్పుడు వాని మైకుల ఆమెకు ఇనబడ్డయి, వాడు జరసేపు బటన్ మీద మోచెయ్యి ఆనిచ్చి మర్చిపోయిండు. గా దినం నుంచి కట్టయ్యకు దేవుని భయం పట్టుకున్నది.

ఇగ దసర వచ్చింది. ఇక్కడ చెవి వెట్టి ఇను. మనకాడ దసరకు ఏం చేస్తం? బండ్లు కడుగుతం, పసుపు కుంకుమ పెడ్తం, బంతిపూల దండ, చక్రం కింద నిమ్మకాయ. కత్తెర కాడికెల్లి మోటరు దాక పనిచేసేటియన్నిటికి పూజ. ఆమె బండ్లకు చేసింది, బాయి మోటరుకు చేసింది, ఆఖరికి డాబ దిక్కు సూసి అన్నది, 'అందరికన్న ఎక్కువ కష్టపడ్డది పైనున్నది. దానికి లేదా పూజ?' పైపు పండవెట్టినం. పుల్లకు పసుపు రాసింది, కుంకుమబొట్లు, జమ్మి ఆకు దారంతోని కట్టింది. కొబ్బరికాయ కొట్టి నీళ్లు తీసి ఏరియల్ కాళ్లకాడ నిండుగ పోసింది, కేబులు వచ్చి కలిసే కాడ. కుమారస్వామి గూడ దండం పెట్టిండు. తప్పని ఎవలనుకుంటరు? పైపు మల్ల నిలవెట్టినం, ఆ పొద్దు బరాబర్ మాట్లాడింది అది. మీ నాయనమ్మ ముఖం సూడాలె. దేవుడు మెచ్చిండు అన్నట్టు.

చలికాలం మాకు పని దగ్గెర దగ్గెరనే. కోట లోపట, కోట పక్క గల్లీలు. అంత దూరం మాట్లాడే అవుసరమే రాలే. ఎండలు ముదిరినంక మడికొండకెల్లి కబురొచ్చింది. కొత్త ఇండ్ల కాలనీ, బోర్లు ఎండినయి, ఎండకాలమంత నీళ్లు కావాలె. ఆ కాలనీకి పెద్దదిక్కు కృపమ్మ అని దవాఖాన నర్సు. ఏంజెల్ అమ్మమ్మనే, ఆఁ, గామెనే. ఆదివారం చర్చిల పాట ఎత్తితె రోడ్డు దాక ఇనబడేటంత గొంతు. ఆమె ఒక్క మాటే అడిగింది. 'ఏ పూట ఏ గల్లీకి బండొస్తదో ముందే తెల్వాలె. తెల్వకపోతె బిందెలతోని తలలు పగులగొట్టుకుంటరు.' మీ నాయనమ్మ ఒక సెట్టు తీసుకపోయి కృపమ్మ ఇంట్ల పెట్టింది. పొద్దున పొద్దున నేను చెప్త, నువ్వు గల్లీలకు చెప్పు అన్నది. కుమారస్వామి ఇద్దరు పెద్దమనుషులను తోలుకొచ్చి కూసోవెట్టిండు. 'వదిన ఇంటికెల్లి మడికొండ బండ్లు నడిపిస్త అంటాంది. నడిపిస్తె నేను మల్ల ఈ వాకిట్ల కుర్చీ ఏసుకోను. నడువకపోతె బండ్లు, బాయి నా చేతికి రావాలె. సరేనా?' ఇంకెవలైనా ఆలోచిస్తరు. ఈమె సరే అన్నది. సరే అనుడే కాదు, 'ఈ మాట సెట్టుల చెప్పు మరిదీ, డ్రైవర్లు గూడ ఇంటరు' అని మైకు ఆయన చేతిలనే పెట్టింది. ఆయన చెప్పిండు. మేమిన్నం.

తెల్లారింది. నేను మడికొండల బండి నిలవెట్టిన, సెట్టు నుంచి ఉత్త గాలి చప్పుడు. కాజీపేట దాటినంక ఆమె గొంతు లేదు. ఏ గల్లీకి పోవాలెనో నాకు తెల్వది, కృపమ్మకు తెల్వది. నేనో గల్లీకి పోయిన, కట్టయ్య గూడ అదే గల్లీకి వచ్చిండు. అవతలి గల్లీ ఆడోళ్లు డ్రమ్ములు దొర్లించుకుంట వచ్చిన్రు, ఇవతలోళ్లు రానియ్యరు. ఒకామె బిందె నా ట్రాక్టర్ దీపానికి కొట్టింది. కృపమ్మ నడుమల నిలవడి రెండు చేతులు చాపి ఆపింది గని, నా దిక్కు సూసి అన్నది, రేపు గూడ గిట్లయితె వేరేటోన్ని పిలుస్త అని. ఇంటికొచ్చేవరకు కుమారస్వామి కుర్చీ వాకిట్ల పడ్డది. గా డబ్బ గూడ వచ్చింది. ఇగ బూస్టర్ అదే. హైదరాబాదుకెల్లి తెప్పిచ్చి ముందే పెట్టుకున్నడు ఆ మనిషి. డాబ ఎక్కి గోడ మీద పెట్టి ప్లగ్గు పెట్టి ఫ్యాను తిప్పి చూపెట్టిండు. 'ఇగో వదినా, దీంతోని ఖమ్మం దాక పోతది. గని నాకే రావాలె బండ్లు, డబ్బ నాది గద.' ఆమె చీర అంచుతోని ముఖం తుడుసుకున్నది. అన్నది, ఇగ గా మాట ఇను, 'మరిదీ, పైపు యాడ మూసుకపోయిందో సూడకుంట మోటరు పెద్దది పెట్టుమంటానవు. నీళ్లు దూరం పోవు. పైపు పగులుతది.'

ఇగ మొదలైంది. కట్టయ్య దిష్టి తగిలిందన్నడు. పెద్దమనుషులు ఎండకు గాలి పలుచబడ్డదన్నరు. ఒకడు మడికొండల కొత్త మేడలు లేచినయి, అడ్డమొస్తానయి అన్నడు. మీ నాయనమ్మ గూడ ముందు అవతలి దిక్కే వేలు చూపెట్టింది, అబద్ధం చెప్ప. 'కృపమ్మ సెట్టు కిందికో మీదికో తిప్పి ఉంటది' అన్నది. నన్ను సైకిల్ మోటరు మీద ఉరికిచ్చింది మడికొండకు, సెట్టు సూసి రమ్మని. కృపమ్మ సెట్టు మీద తెల్ల గుడ్డ కప్పి ఉన్నది, ముట్టుకున్నోడు లేడు. నేను తిరిగొచ్చి చెప్పిన. అప్పుడు ఆమె మైకు పక్కన పెట్టి మీటరు తీసింది. ముల్లు కుడిదిక్కు లేచి నిలవడ్డది. పంపినదాంట్ల సగం తిరిగి ఇంటికే వస్తాంది. సెట్టు మార్చి చూసింది, అదే తీరు. పుల్ల పొడుగు సవరించింది, ముల్లు కదులలే. కేబులు కింది కొస ఇప్పి తుడిసి పెట్టింది, కదులలే. ఒక్కొక్కటి పక్కకు పెట్టుకుంట పోయింది, ఆఖరికి పైపు పండవెట్టు మొండయ్యా అన్నది. ఏరియల్ కాళ్లకాడ కేబులు కలిసే ప్లగ్గు ఇప్పింది.

లోపట ఏమున్నది? రాగి తీగె పచ్చగ, పాత గంగాళం అడుగు లెక్క. పసుపు ముద్ద ఎండి గట్టివడ్డది. దాంట్ల చచ్చిన చీమలు, కొబ్బరినీళ్ల తీపికి పోయి ఇరుక్కున్నయి. కేబుల్ జానెడు లోపటి దాక పచ్చగనే ఉన్నది. ఆమె దాన్ని వేళ్ల మీద తిప్పి సూసింది. డాబ మీద మేమిద్దరమే. కింద కుమారస్వామి, పెద్దమనుషులు. నేను మెల్లగ అన్న, వానకు చెడిపోయిందందాం అక్కా, లేకపోతె శ్యాంసుందర్ సేటు మాల్ ఖరాబందాం, ఎవడు సూస్తడని. ఆమె కత్తి అందుకున్నది. పచ్చగున్న కాడికి కోసి పారేసింది. మెరిసే రాగి వచ్చిందాక కోసింది. కొత్త ప్లగ్గు పెట్టి టంకం పెట్టింది. సైకిల్ ట్యూబు ముక్కలు కోసి గట్టిగ సాగదీసి చుట్టింది, చీమ కాదు, గాలి గూడ పోకుంట. పైపు నిలవెట్టినం. ముల్లు ఎడమదిక్కు పండుకున్నది.

అప్పుడు మైకు తీసింది. సెట్టు చప్పుడు పూర పెంచింది, తన గొంతు గూడ పెంచింది, కింద వాకిట్ల గూడ ఇనబడాలెనని. నేననుకున్న, గల్లీ పేర్లు చెప్తదని. 'అందరు ఇనున్రి. పద్మలతను మాట్లాడుతాన. పొద్దుగాల మాట పోకపోవుడు కృపమ్మ తప్పు కాదు, డ్రైవర్ల తప్పు కాదు, అమ్మినోని తప్పు కాదు. దసర నాడు ఏరియల్ కు కొబ్బరినీళ్లు పోసింది నేను. ప్లగ్గు కుళ్లిపోయింది. తప్పు నాది. రేపు మొదటి బండి బోరు గల్లీకి, రెండోది చర్చి గల్లీకి. కృపమ్మా, ఇనబడ్డదా? ఇగ నువ్వు.'

బటన్ ఇడిసింది. సుయ్యిమని చప్పుడు. మల్ల ఆ చర్చి గొంతు, మడికొండకెల్లి, గంట కొట్టినట్టు. 'ఇనబడ్డది పద్మమ్మా. నీ తప్పు గూడ సాఫ్ ఇనబడ్డది. బిందెలు రేపు లైన్ల పెట్టిస్త. ఇగ నువ్వు.'

కుమారస్వామి ఊకుంటడా? మెట్లెక్కొచ్చిండు, ఎనుక పెద్దమనుషులు. 'ఇన్నరు గద. తనే తన నోటితోని తప్పు నాది అన్నది. ఇగ బండ్లు నాకియ్యున్రి.' పెద్దమనుషులు ఒకని ముఖం ఒకడు సూసుకుంటాన్రు, ఎందుకంటె ఆయన చెప్పేది గూడ మాట లెక్కనే ఉన్నది. మీ నాయనమ్మ కొంగు సర్దుకున్నది, నిమ్మలంగ అన్నది. 'మనం పందెం పెట్టుకున్నది తప్పు చేస్తనా చెయ్యనా అని కాదు మరిదీ. ఇంటికెల్లి బండ్లు నడుస్తయా లేదా అని. నా తప్పు మడికొండ దాక పోయింది. ఇంక నా మాట పోదా?' పెద్దమనుషులల్ల ఒకాయన నవ్విండు. ఆయన నవ్వినంక ఇంకోడు నవ్విండు. కుమారస్వామి డబ్బ చంకల పెట్టుకొని దిగిండు. తెల్లారి కుర్చీ పడలే. ఎండకాలమంత మడికొండకు మేమే పోసినం, ఒక్కనాడు బిందె బిందె తాకలే. కుమారస్వామి ఇప్పుడు మెత్తబడ్డడు గని, ఆ డబ్బ ముచ్చట ఎత్తు, సూడు, లేచి పోతడు.

ఆ తర్వాత గూడ దసరకు పూజ ఆపలే ఆమె. ఎందుకు ఆపుతది? పసుపు పైపు అడుగుకు పెట్టేది, కొబ్బరికాయ ట్రాక్టర్ చక్రంకాడ కొట్టేది. కొట్టి మైకుల చెప్పేది, 'కృపమ్మా, పైన నీళ్లు పొయ్యలే.' అవతలికెల్లి నవ్వు. ఆమె పోయిననాడు కృపమ్మ మడికొండకెల్లి సెట్టుల ప్రార్థన చేసింది, మేము బండ్లు రోడ్డు పక్కన ఆపి ఇన్నం. చివర ఆమెన్ అన్నది, ఇగ నువ్వు అనలే. అలవాటున బటన్ మీద చెయ్యి పెట్టిన నేను. మల్ల తీసి బండి చాలు చేసిన.

సరే. చాయ్ అయింది. పైపు పండవెడ్దాం పట్టు. మెల్లగ. ఆఁ, పిట్టగోడ మీద ఆనియ్యి. ఆ ట్యూబు చుట్టింది యాడ పోయింది? నువ్వే తీసినవా, పాతగైందని. ఊఁ. నీ టంకం పుల్ల తెచ్చినవు గద, పక్కకు పెట్టు. ప్లగ్గు ఇప్పు. నేను గాదు, నువ్వే ఇప్పు. ఎడమకు తిప్పు. అగో.

ఏంది, పిడికిట్ల దాసుకుంటానవు? నాకు చత్వారం, సన్నటియి సరిగ్గ కనబడవు. ఇటియ్యి. ఊఁ. పసుపే. జమ్మి ఆకు గూడ ఉన్నది. పోయిన దసరకు ఫోటోల సూసి నాయనమ్మ లెక్కనే చేసినవు. మంచిదే చేసినవు, కొబ్బరినీళ్లు ఒక్కటి పొయ్యకుంటె సరిపోతుండె. ఏడుస్తానవేంది. ఏం కాలే. పచ్చగున్న కాడికి కొయ్యి. ఇంకింత. మెరుపు వచ్చిందాక. కొత్త ప్లగ్గు నా అంగీ జేబుల ఉన్నది, తీసుకో. ఎందుకు తెచ్చిననో అడుగకు, కిందికెల్లి పైపు కొసకు జమ్మి దారం సూసిన్నాడే అనుకున్న. పెట్టినవా? ట్యూబు ముక్క సాగదీసి చుట్టు, ఇంకింత గట్టిగ. ఇగ నిలవెడ్దాం, హుఁ, లేపు.

మీటరు సూడు. ముల్లు పండుకున్నదా? పండుకున్నది.

ఏంజెల్ సెట్టు పెట్టుకొని ఉన్నదో లేదో నాకు తెల్వది. ఉంటది. అలిగినోళ్లే ఎక్కువ ఇంటరు. కృపమ్మ గూడ పక్కకే కూసుంటది ఈ యాళ్లకు. ఏం చెప్పాలెనో నేను చెప్ప, అది నా పని కాదు. మీ అమ్మ ఇంకో చాయ్ పెడ్తదేమో సూస్త కిందికి పోయి, ఇయ్యాల్టి ఎండ మస్తు కొట్టింది, వాన పడేటట్టే ఉన్నది. మైకు తీస్కో. బటన్ నొక్కు బిడ్డా.

ఇగ నువ్వు.